ఆక్స్‌ఫర్డ్ (ఒహాయో) వెళ్తున్నాం: సిగ్మా కై పుట్టిన మేడగది చూడదగ్గదేనా?

మేసన్_మూర్తి:
అందరికీ నమస్కారం. మా అక్క కొడుకు ఈ ఆగస్టులో మయామీ యూనివర్సిటీలో చేరుతున్నాడు. ఫ్లోరిడా మయామీ కాదండోయ్, మన ఒహాయోలో ఆక్స్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్ళో ఉన్నది. అక్కా బావా విజయవాడ నుంచి వస్తున్నారు. వాణ్ణి డార్మ్‌లో దింపాక ఆ సాయంత్రం వాళ్ళకి ఊరు చూపించాలి. హై స్ట్రీట్‌లో కాఫీ తాగడం తప్ప ఆ ఊరి గురించి నాకేమీ తెలియదు. ఆ వీధిలోనే ఒక పాత భవనం మేడమీద సిగ్మా కై అనే ఫ్రాటర్నిటీ (కాలేజీ కుర్రాళ్ళ సోదర సంఘం) పుట్టిందని విన్నాను. మా బావకి చరిత్ర పిచ్చి. ఇదేమిటోయ్ అంటే చెప్పడానికి నా దగ్గర సరుకు లేదు. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి. అసలు అది చూడదగ్గదేనా?

నల్గొండ_నవీన్:
బీరు తాగి అరిచే కుర్రాళ్ళ సంఘానికి జన్మస్థలం, దానికో యాత్ర! మా ఇంజనీరింగ్ హాస్టల్లో మూల గదిలో ఒక పేకాట బ్యాచ్ పుట్టింది. దాని సభ్యులు ఇప్పుడు నాలుగు ఖండాల్లో ఉన్నారు. ఆ గదికి ఎవరూ ఇంతవరకూ ఫలకం పెట్టలేదు, మనసు చివుక్కుమంటోంది.

రాజేశ్_డేటన్:
నవీన్ అన్నా, నవ్వించావ్ గానీ ఈ కథ బీరుతో మొదలవలేదు. ఓటుతో మొదలైంది. మూర్తి గారూ, మీ బావగారికి తప్పకుండా నచ్చుతుంది, కొంచెం ఓపిగ్గా చదవండి.

1855 నాటికి మయామీ యూనివర్సిటీలో డెల్టా కప్పా ఎప్సిలాన్ అనే ఫ్రాటర్నిటీ శాఖ ఉండేది. అది 1844లో యేల్‌లో పుట్టింది, పొట్టిగా డీక్ అంటారు. ఇక్కడి శాఖలో పన్నెండు మంది. అదే కాలేజీలో ఎరోడెల్ఫియన్ అనే సాహితీ సంఘం కూడా ఉండేది. వక్తృత్వం, కవిత్వం, వాదప్రతివాదాలు దాని పని. ఆ సంఘంలో 'కవి' అనే పదవికి ఎన్నిక వచ్చింది. డీక్ సభ్యుడొకడు నిలబడ్డాడు. మన ఫ్రాటర్నిటీ వాడు కాబట్టి అందరూ వాడికే వెయ్యాలన్నారు. నలుగురు ఒప్పుకోలేదు. పోటీలో ఉన్న రెండోవాడు డీక్ కాదు, కానీ కవిత్వం బాగా రాస్తాడు, పదవి కవిది కాబట్టి ఓటు వాడికేనన్నారు. ఎరోడెల్ఫియన్‌లో సభ్యత్వం లేని మరో ఇద్దరు వీళ్ళ పక్షం నిలబడ్డారు. పన్నెండు మంది సరిగ్గా ఆరూ ఆరుగా చీలిపోయారు.

కొన్ని నెలలు పలకరింపుల్లేకుండా గడిచాక, 1855 ఫిబ్రవరిలో ఈ ఆరుగురే రాజీ కోసం విందు ఏర్పాటు చేశారు. అవతలి ఆరుగురిలో ఒక్కడే వచ్చాడు. వాడి పేరు వైట్‌లా రీడ్. వట్టి చేతులతో రాలేదు, పక్క ఊరు హామిల్టన్ నుంచి మైనర్ మిలికిన్ అనే పాత విద్యార్థిని వెంటపెట్టుకొచ్చాడు. ఆ పెద్దమనిషి కూర్చోకుండానే తీర్పు చెప్పేశాడు: తప్పంతా మీదే, తిరుగుబాటు నాయకులు బయటికి పోవాలి, మిగతావాళ్ళు బుద్ధిగా ఉంటే ఉండొచ్చు. బెంజమిన్ పయట్ రన్‌కల్ అనే కుర్రాడు తన డీక్ సభ్యత్వపు పిన్ను పీకి బల్ల మీద పారేసి, నేను ఎవరి చేతిలోనూ పనిముట్టుగా ఉండటానికి చేరలేదని చెప్పి వెళ్ళిపోయాడు. మిగతా ఐదుగురూ వాడి వెనకే నడిచారు. తర్వాత ఆరుగుర్నీ డీక్ నుంచి తీసేశారు.

వాళ్ళకి న్యూయార్క్ నుంచి వచ్చిన విలియం లాక్‌వుడ్ తోడయ్యాడు. డీక్‌తో అతనికి ఏ సంబంధమూ లేదు. డబ్బు లెక్కలూ పద్ధతులూ తెలిసినవాడు. ఏడుగురూ కలిసి ఊరి చౌకు దగ్గర ఒక భవనంలో మేడగదిలో కూర్చుని 1855 జూన్ 28న కొత్త సంఘం పెట్టారు. మొదట దాని పేరు సిగ్మా కై కాదు, సిగ్మా ఫై. 1856 జనవరిలో లాక్‌వుడ్ గదిలోంచి నియమావళి, ముద్రలు, రహస్య కాగితాలు ఎవరో ఎత్తుకుపోయారు. రహస్యం పోయాక పాత పేరుతో పని లేదని సిగ్మా కై అని మార్చుకున్నారు. ఎలాగూ సిగ్మా ఫై పేరుతో న్యూయార్క్ రాష్ట్రంలో అప్పటికే ఒక సంఘం ఉంది.

ఆ భవనాన్ని సిగ్మా కై వాళ్ళే తర్వాత కొనుక్కున్నారు. కింద దుకాణం నడుస్తుంది, పైన గదిని 1855లో ఎలా ఉండేదో అలా తిరిగి అమర్చారు. బయటి నుంచి చూస్తే పాత బజారు భవనం, అంతే. పైకెక్కాలంటే ముందుగా వాళ్ళని అడిగి వెళ్ళడం మంచిది.

నల్గొండ_నవీన్:
ఆగాగు. అంటే 'మనోడికి' ఓటెయ్యమంటే ఎయ్యం అన్నవాళ్ళు పెట్టిన సంఘమా ఇది? ఈ కథ మన కాలేజీల్లో చెబితే ఎవడూ నమ్మడు. మా నాన్న చదివిన రోజుల్లో కాలేజీ ఎన్నికలుండేవట. ఎవడు ఏ హాస్టలో, ఏ జిల్లానో, ఇంటిపేరేమిటో చూసి ఓట్ల లెక్క రాత్రికే తేల్చేసేవాళ్ళట. కవిత్వం బాగుందని అవతలోడికి ఓటేస్తే ఆ రాత్రి మెస్‌లో పప్పు కూడా పడేది కాదట.

సరే, మాట వెనక్కి తీసుకోను గానీ పేకాట బ్యాచ్‌ని దీంతో పోల్చను.

పాత_లెక్చరర్:
రాజేశ్ గారు చక్కగా చెప్పారు. అనంతపురంలో ముప్ఫై ఏళ్ళకు పైగా చరిత్ర పాఠం చెప్పినవాణ్ణి, చరిత్ర మాట వస్తే ఊరుకోలేను. ఆ ఊరికి మీరంతా ఒక్క గది అంటగడుతున్నారు గానీ అక్కడ మూడు ఉన్నాయి. ముందు వెనకలు చెబితే మీ బావగారికి కథ అందుతుంది.

మయామీకి చార్టర్ 1809లో వచ్చింది, తరగతులు 1824లో మొదలయ్యాయి. ఫ్లోరిడా ఇంకా స్పెయిన్ చేతిలో ఉండగానే మాది యూనివర్సిటీ అని అక్కడివాళ్ళు గొప్పలు చెప్పుకుంటారు, అందులో అబద్ధం లేదు. పొలాల మధ్య ఊరు, దేవుడి ప్రార్థనలు, లాటిన్, గ్రీకు, పొద్దస్తమానం ప్రొఫెసర్ల కాపలా. కుర్రాళ్ళకి ఊపిరి పీల్చుకునే చోటు 1825లో పుట్టిన రెండు సాహితీ సంఘాలే. ఒకటి ఎరోడెల్ఫియన్, రెండోది యూనియన్. పుస్తకాలు, వాదాలు, తమ సంగతులు తామే చూసుకునే స్వేచ్ఛ అక్కడ దొరికేవి. 1830ల్లో ఆల్ఫా డెల్టా ఫై అనే రహస్య సంఘం తూర్పు నుంచి వచ్చి వీటిలో చొరబడింది. సభ్యులు తమలో తాము ముందే మాట్లాడుకుని పదవులు పంచుకోవడం మొదలుపెట్టారు. బయట ఉన్నవాళ్ళకి ఒళ్ళు మండింది.

జాన్ రైలీ నాక్స్ అనే విద్యార్థికీ మండింది. కానీ అతనికి ఆ సంఘంలో మంచి కూడా కనబడింది, ఆ స్నేహం, ఆ కట్టుబాటు. చెడు వదిలి మంచి తీసుకుందామని 1839 ఆగస్టు 8న మరో ఏడుగురితో కలిసి, ఓల్డ్ మెయిన్ అనే ప్రధాన భవనంలో యూనియన్ సంఘం హాల్లో బీటా తీటా పై పెట్టాడు. ఆ ఎనిమిది మందిలో చార్లెస్ హార్డిన్ అనేవాడు తర్వాత మిజోరీ గవర్నర్ అయ్యాడు.

ఇక 1848 జనవరి. మంచు విపరీతంగా పడింది. కుర్రాళ్ళు మంచు ముద్దలు దొర్లించి దొర్లించి ఓల్డ్ మెయిన్ తలుపులు మూసేశారు. యూనివర్సిటీ అధ్యక్షుడు మెక్‌మాస్టర్ మహా కఠినుడు, శిక్షలు తప్పవన్నాడు. పంతం పట్టి మళ్ళీ మూశారు. ఈసారి మంచుతోపాటు కట్టెలు, కుర్చీలు, పొయ్యిలు కూడా పేర్చారు. బహిష్కరణలు మొదలయ్యాయి. పోయినవాళ్ళలో బీటాలు, ఆల్ఫా డెల్టాలే ఎక్కువ, దాంతో రెండు సంఘాలూ క్యాంపస్‌లో కుప్పకూలాయి. మెక్‌మాస్టర్ కూడా మరుసటి ఏడే దిగిపోయాడు. ఆ ఖాళీలోనే 1848 డిసెంబరు 26న, క్రిస్మస్ మర్నాడు, రాబర్ట్ మారిసన్ సహాధ్యాయి జాన్ విల్సన్ గదిలో ఆరుగురు కలిసి ఫై డెల్టా తీటా పెట్టారు. ఆ గది ఓల్డ్ నార్త్ హాల్లో ఉండేది, ఇప్పుడు దాన్ని ఎలియట్ హాల్ అంటారు.

బీటా, ఫై డెల్ట్, సిగ్మా కై, ఈ మూడిటినీ కలిపి మయామీ ట్రయాడ్ అంటారు. పదహారేళ్ళలో, నడిచి వెళ్ళేంత దూరంలో మూడూ పుట్టాయి. యూనివర్సిటీని ఫ్రాటర్నిటీలకు తల్లి అని ఊరికే అనరు.

మూర్తి గారూ, ఒక్క సంగతి మీ బావగారికి ముందే చెప్పండి. బీటా పుట్టిన ఓల్డ్ మెయిన్‌ని 1958లో పడగొట్టారు. ఇప్పుడక్కడ కనిపించే హారిసన్ హాల్ కొత్త కట్టడం. మూడు జన్మస్థలాల్లో అన్నిటికంటే పాతది లేదు. నన్నడిగితే ఆ ఖాళీయే ముందు చూడాలి.

నల్గొండ_నవీన్:
సార్, లేని భవనాన్ని ఎలా చూడాలో కూడా చెప్పండి.

పాత_లెక్చరర్:
నాయనా, ఎదురుగా నిలబడి మనసులో కట్టుకుని చూడాలి. విజయనగర సామ్రాజ్యం పాఠం మొత్తం నేను పిల్లలకి అలాగే చెప్పాను.

వసుధ:
నేను అక్కడే మాస్టర్స్ చేశాను, రెండేళ్ళు ఆ ఊళ్ళో ఉన్నాను. మూర్తి గారికి నడిచే దారి చెబుతాను.

కారు ఎక్కడైనా పెట్టేసి హై స్ట్రీట్‌లో మొదలుపెట్టండి. ఇటుకలు పరిచిన వీధి. ఆ ప్రాంతాన్ని అప్‌టౌన్ అంటారు. సిగ్మా కై భవనం అక్కడే. అక్కడి నుంచి క్యాంపస్ వైపు నడిస్తే స్లాంట్ వాక్ అని ఏటవాలు దారి వస్తుంది, దాని మొదట్లో ఫై డెల్ట్ వాళ్ళు కట్టించిన గేట్లు ఉంటాయి. లోపలికి వెళ్తే ఎలియట్ హాల్. పక్కన దాని జంట స్టోడర్డ్ హాల్. రెండూ యేల్‌లోని కనెక్టికట్ హాల్‌ని చూసి కట్టినవి, రెండిట్లోనూ ఇప్పటికీ పిల్లలు ఉంటున్నారు. లోపలికి పోనివ్వరు, కాబట్టి విల్సన్ గది ఎక్కడని వెతక్కండి. తర్వాత బీటా గంటస్తంభం. తమ సంఘానికి నూరేళ్ళు నిండిన సందర్భంగా బీటాలు ఇచ్చినది. దాని గంటలు ఊరంతా వినిపిస్తాయి. పరీక్షల వారంలో మాకు టెన్షన్ పెంచింది ఆ గంటలే.

అప్హామ్ ఆర్చ్ కింద అర్ధరాత్రి ముద్దు పెట్టుకున్న జంట పెళ్ళి చేసుకుంటుందని అక్కడ నమ్మకం. మీ అక్కగారికి అది చెప్పొద్దు, మేనల్లుణ్ణి తిరిగి కారెక్కించేస్తారు. నేల మీద యూనివర్సిటీ ముద్ర కనబడితే మాత్రం తొక్కొద్దని కుర్రాడికి చెప్పండి, తొక్కితే పరీక్ష పోతుందంటారు. నేను చుట్టూ తిరిగే వెళ్ళేదాన్ని. చదివింది స్టాటిస్టిక్స్, అయినా సరే.

ఇంకొకటి. ఫై డెల్టా తీటా ప్రధాన కార్యాలయం ఆ ఊళ్ళోనే ఉంది. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ పర్డ్యూ యూనివర్సిటీలో చదివేటప్పుడు ఫై డెల్ట్ సభ్యుడు. చంద్రుడి మీదకి తనతో తీసుకెళ్ళిన ఫై డెల్ట్ పిన్ను తర్వాత సంఘానికే ఇచ్చాడు, అది అక్కడ ఉంది. వచ్చే పిల్లలకి గ్రీకు అక్షరాలు పట్టవు గానీ ఇది పడుతుంది.

రాజేశ్_డేటన్:
వసుధ గారూ, ఆర్మ్‌స్ట్రాంగ్ సంగతి బాగా గుర్తుచేశారు. 1970ల్లో ఆయన సిన్సినాటి యూనివర్సిటీలో పాఠాలు చెప్పాడు, మన పక్కనే.

నిన్నటి కథకి తోక ఒకటి మిగిలింది. వైట్‌లా రీడ్ తర్వాత పెద్ద పాత్రికేయుడయ్యాడు. అంతర్యుద్ధంలో సిన్సినాటి గెజిట్ విలేకరిగా యుద్ధభూములు తిరిగాడు. 1862లో షైలో యుద్ధంలో రన్‌కల్ తీవ్రంగా గాయపడ్డాడు, చనిపోయాడనుకుని వదిలేశారు. ఆ వార్త రాసినవాడు రీడ్, పాత శత్రువుని వీరుడని మెచ్చుకుంటూ రాశాడు. సిగ్మా కై వాళ్ళు తమ చరిత్రలో దీన్ని ఇప్పటికీ చెప్పుకుంటారు. రన్‌కల్ బతికి బయటపడ్డాడు. తీర్పు చెప్పిన మిలికిన్ మాత్రం ఒహాయో అశ్వికదళంలో కర్నల్‌గా అదే ఏడు డిసెంబరు 31న స్టోన్స్ రివర్ యుద్ధంలో చనిపోయాడు.

ఏడుగురిలో అందరికంటే చిన్నవాడు జేమ్స్ పార్క్స్ కాల్డ్‌వెల్. కాలేజీకి 13 ఏళ్ళకే వచ్చాడు, సంఘం పెట్టేనాటికి 14. అతను దక్షిణాది సైన్యంలో చేరాడు. రన్‌కల్, లాక్‌వుడ్, ఆ ఏడుగురిలోనే ఉన్న బెల్ ఉత్తరాది వైపు. ఒకే మేడగదిలో కూర్చున్నవాళ్ళు ఏడెనిమిదేళ్ళకే ఎదురెదురు సైన్యాల్లో ఉన్నారు.

ఇంకా ఉంది. రీడ్ న్యూయార్క్ ట్రిబ్యూన్ సంపాదకుడయ్యాడు, ఫ్రాన్స్‌లో రాయబారిగా పనిచేశాడు. 1892లో బెంజమిన్ హారిసన్ మళ్ళీ అధ్యక్ష పదవికి పోటీ చేసినప్పుడు ఉపాధ్యక్ష అభ్యర్థి ఈ రీడే. హారిసన్ కూడా మయామీలోనే చదివాడు, 1852 బ్యాచ్, ఫై డెల్ట్. ఇద్దరూ ఓడిపోయారు. గెలిచిన గ్రోవర్ క్లీవ్‌లాండ్ కాలేజీ చదువు చదవలేదు గానీ సిగ్మా కై గౌరవ సభ్యత్వం తీసుకున్నవాడు. రీడ్ వెళ్ళగొట్టించిన కుర్రాళ్ళ సంఘం వాడి చేతిలోనే రీడ్ ఓడిపోయాడన్నమాట. ఆ రోజు ఆక్స్‌ఫర్డ్‌లో కొందరు బాగా నవ్వుకుని ఉంటారని నా ఊహ.

సుజాత_ఎన్‌జే:
ఇదంతా చదవడానికి బాగుంది. కానీ నాకు ఇద్దరు మగపిల్లలు, ఫ్రాటర్నిటీ అంటే నాకు గుర్తొచ్చేది వేరు. చేర్చుకునేటప్పుడు బలవంతంగా సీసాలకి సీసాలు తాగించడం, పిల్లలు చనిపోవడం. ఒహాయోలోనే జరిగాయి కదా? మూర్తి గారి మేనల్లుడికి జన్మస్థలాలు చూపించి మురిపించేముందు అది కూడా చెప్పండి.

రాజేశ్_డేటన్:
సుజాత గారూ, మీ భయంలో అర్థం ఉంది. ఒహాయోలో 2018లో ఒకరు, 2021లో ఇంకొకరు ఫ్రాటర్నిటీలో చేరబోతూ పోయారు, వేర్వేరు యూనివర్సిటీల్లో. 2021లో రాష్ట్రం కొత్త చట్టం తెచ్చింది. మద్యం, మత్తుమందు బలవంతంగా తాగించి తీవ్రమైన హాని చేస్తే ఇప్పుడది జైలుకి పంపే పెద్ద నేరం. తెలిసీ చెప్పకపోవడమూ నేరమే. ఏ సంఘం మీద ఏ చర్య తీసుకున్నారో కాలేజీలు అందరికీ తెలిసేలా పెట్టాలి. 2024 డిసెంబరులో దేశమంతటికీ ఇలాంటి వివరాలు బయటపెట్టించే చట్టం వచ్చింది. చేరాలనుకునే పిల్లాడితో కూర్చుని ఆ జాబితా చదివించండి. మెరిసే బ్రోచర్ కంటే అది నయం.

పాత_లెక్చరర్:
మన ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లోనే వచ్చిందమ్మా. చట్టం వచ్చాక కూడా ప్రతి ఏడూ జూనియర్ల తండ్రులు నా గదికి వచ్చి కూర్చునేవారు. సీనియర్ల పేర్లు చెప్పడానికి మాత్రం ఏ పిల్లాడూ నోరు విప్పేవాడు కాదు. అమెరికాలో కూడా అసలు చిక్కు అదే అయ్యుంటుంది.

వసుధ:
మయామీలో మొదటి ఏడాది పిల్లల్ని వచ్చిన వెంటనే చేర్చుకోరు, రెండో సెమిస్టర్ దాకా ఆగాలి. అప్పటికి వాడికి క్యాంపస్ తెలుస్తుంది, స్నేహితులు ఏర్పడతారు. సుజాత గారూ, అక్కడ చేరనివాళ్ళు కూడా హాయిగానే ఉంటారు, నేను చూశాను.

కిరణ్_ఆస్టిన్:
నేను టెక్సాస్‌లో పుట్టినవాణ్ణి, తెలుగు రాయడం అమ్మ దగ్గర నేర్చుకున్నాను, తప్పులుంటే క్షమించండి. కాలేజీలో సౌత్ ఏషియన్ ఫ్రాటర్నిటీలో చేరాను. అందుకే ఈ థ్రెడ్‌లో ఎవరూ అనని మాట ఒకటి అంటాను.

ఆ మూడు గదుల్లోకి మన తాతలు వెళ్ళి ఉంటే చేర్చుకునేవారు కాదు. ఫై డెల్టా తీటా నిబంధనల్లో 'పూర్తి ఆర్య రక్తం' ఉన్నవాళ్ళే సభ్యులు కావాలని 1954 దాకా రాసి ఉంది. అంతకుముందే విలియమ్స్, ఆమ్‌హర్స్ట్ కాలేజీల్లో వాళ్ళ శాఖలు ఆ షరతుని పక్కన పెట్టి విద్యార్థుల్ని తీసుకుంటే పైవాళ్ళు ఆ శాఖల్ని సస్పెండ్ చేశారు. సిగ్మా కై విషయానికొస్తే, 1965లో స్టాన్‌ఫర్డ్ శాఖ ఒక నల్లజాతి విద్యార్థిని తీసుకుంది, వెంటనే ఆ శాఖని సస్పెండ్ చేశారు. 'మన గుంపు కాకపోయినా యోగ్యుడికే ఓటు' అని పుట్టిన సంఘం 110 ఏళ్ళ తర్వాత చేసిన పని ఇది. 1855లో మిలికిన్ వచ్చి చెప్పిన తీర్పే మళ్ళీ చెప్పారు, ఈసారి చెప్పింది సిగ్మా కై.

'ఆర్య' మాటకి మనతో వెటకారమైన సంబంధం ఒకటుంది. 1923లో భగత్ సింగ్ థింద్ తాను ఆర్యుణ్ణి కాబట్టి తెల్లవాడి కిందే లెక్క, పౌరసత్వం ఇవ్వండని అమెరికా సుప్రీంకోర్టులో వాదించాడు. మామూలు జనం లెక్కలో నువ్వు తెల్లవాడివి కావు పొమ్మన్నారు.

బయట ఉంచబడినవాళ్ళు తమ సంఘాలు తామే పెట్టుకున్నారు. 1906 డిసెంబరులో కార్నెల్ యూనివర్సిటీలో ఏడుగురు నల్లజాతి విద్యార్థులు ఆల్ఫా ఫై ఆల్ఫా పెట్టారు. అది కూడా ఇథాకా అనే చిన్న ఊరే. మన పిల్లల సంఘాలు చాలా ఆలస్యంగా, 1990ల్లో వచ్చాయి. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో సిగ్మా బీటా రో 1996లో, ఆస్టిన్‌లో డెల్టా ఎప్సిలాన్ సై 1998లో. ఈ మధ్యకాలంలో పుట్టినవాటికి పాత మేడగదులు లేవు, డార్మ్ లాబీలే.

నల్గొండ_నవీన్:
కిరణ్ తమ్ముడూ, నీ తెలుగులో తప్పులు వెతకడం దండగ. ఒక్కటే అడుగుతాను, ఏమనుకోకు. సౌత్ ఏషియన్ ఫ్రాటర్నిటీలో మళ్ళీ తెలుగోళ్ళు ఒక బల్ల, గుజరాతీలు ఒక బల్ల, అలా ఉండేదా లేదా?

కిరణ్_ఆస్టిన్:
ఉండేది అన్నా. ప్రెసిడెంట్ ఎన్నిక రోజు బాగా కనబడేది.

పాత_లెక్చరర్:
కిరణ్ బాబూ, మంచి మాట అన్నావు. దానికి నేనొకటి చేరుస్తాను, ఇదీ ఆ ఊరిదే.

1906 నాటికి మయామీ క్యాంపస్‌లో పదవులన్నీ ఫ్రాటర్నిటీలు కూడబలుక్కుని పంచుకుంటున్నాయి. ఏ ఫ్రాటర్నిటీలోనూ లేనివాళ్ళు విసిగిపోయి ఆ ఏడు మార్చి 17న ఓల్డ్ మెయిన్‌లో కూడారు. పెట్టుకున్న సంఘం పేరే 'ఫ్రాటర్నిటీ కానివారి సంఘం'. మనమూ ఓట్లు ఒకచోట వేస్తే గెలుస్తామన్నది లెక్క. గెలిచారు కూడా. పదేళ్ళు తిరిగేసరికి వాళ్ళే పేరు మార్చుకున్నారు. 1916 నుంచి ఆ సంఘం పేరు ఫై కప్పా టా, గ్రీకు అక్షరాలతో, పిన్నుతో, రహస్యాలతో నిఖార్సైన ఫ్రాటర్నిటీ.

గుంపు ఓటు మీద కోపంతో బీటా పుట్టింది. గుంపు ఓటు వెయ్యనందుకు సిగ్మా కై పుట్టింది. గుంపుకి గుంపుతోనే జవాబని ఫై కప్పా టా పుట్టింది. ఆ ఊరి నీటిలో ఏముందో గానీ, ప్రతివాడూ ముఠాని తిట్టుకుంటూనే ఇంకో ముఠా కట్టాడు. 1839లో నాక్స్‌కి కనబడిన ఆ రెండో సంగతి, స్నేహం, దాన్ని కూడా మనం తీసిపారెయ్యకూడదు. పద్నాలుగేళ్ళ కాల్డ్‌వెల్ ఇల్లు వదిలి వచ్చిన పిల్లవాడు. వాడికి అన్నలు కావలసి వచ్చింది.

వసుధ:
అమ్మాయిల్ని మరిచిపోయారు అందరూ! డెల్టా జీటా 1902 అక్టోబరు 24న అక్కడే పుట్టింది, ఆరుగురు అమ్మాయిలు పెట్టారు. అప్పటి యూనివర్సిటీ అధ్యక్షుడు గై పాటర్ బెంటన్ వాళ్ళకి దగ్గరుండి సాయం చేశాడు. ఆయన స్వయంగా ఫై డెల్ట్. నియమావళి ఎలా రాయాలో తెలిసినవాడు కావడం వాళ్ళకి కలిసొచ్చింది.

కిరణ్ చెప్పినదానికి జోడిస్తాను. మూర్తి గారూ, సాయంత్రం వెలుతురు మిగిలితే వెస్టర్న్ క్యాంపస్ వైపు తప్పకుండా వెళ్ళండి. అది ఒకప్పుడు వేరే మహిళా కళాశాల, 1974లో మయామీలో కలిసింది. 1964 జూన్‌లో ఫ్రీడమ్ సమ్మర్ వాలంటీర్లకి అక్కడే శిక్షణ ఇచ్చారు. మిసిసిపీలో నల్లజాతి వాళ్ళని ఓటర్లుగా నమోదు చేయించడానికి వెళ్ళిన సుమారు 800 మంది, ఎక్కువమంది కాలేజీ పిల్లలే. జేమ్స్ చేనీ, ఆండ్రూ గుడ్‌మన్, మైకేల్ ష్వెర్నర్ అక్కడి నుంచి బయలుదేరి వెళ్ళి జూన్ 21న హత్యకు గురయ్యారు. చెట్ల మధ్య రాతి మెట్ల వరసలతో వాళ్ళకి స్మారకం కట్టారు. ఎంత తిరిగినా మైలు, మైలున్నర కంటే నడక ఉండదు. ఓటు కథే కావాలంటే ఆ ఊళ్ళో అసలు ఓటు కథ అది.

సుజాత_ఎన్‌జే:
వసుధ గారూ, ఇది నాకు తెలియదు. మా పెద్దవాడికి చూపిస్తాను ఈ థ్రెడ్. నా అభిప్రాయం మాత్రం మారలేదు, చేరతానంటే వద్దనే అంటాను.

రాజేశ్_డేటన్:
వద్దనే హక్కు మీకుంది. నాకు మాత్రం ఆ మేడగది అంటే ఇష్టం ఇంకో కారణానికి. హార్వర్డ్‌లోనో యేల్‌లోనో పుట్టినవాటికి పెద్ద పెద్ద భవనాలు, దాతలు. ఇక్కడ పొలాల మధ్య ఊళ్ళో, దుకాణం మీది గదిలో మొదలైంది. అలాంటిది ఖండమంతా పాకింది. 1864లో అట్లాంటా దగ్గర దక్షిణాది సైన్యంలో ఉన్న కొందరు సభ్యులు యుద్ధం మధ్యలోనే కాన్‌స్టంటైన్ చాప్టర్ అని ఒక శాఖ పెట్టుకున్నారు. ఉత్తరాదితో సంబంధాలు తెగిపోయాయి, తమ సంఘమైనా నిలవాలని. వాళ్ళు ఏ పక్షాన పోరాడారో మరిచిపోనక్కర్లేదు, కానీ ఒక చిన్న ఊరి గది పేరు అంత దూరం ఎలా వెళ్ళిందా అని ఆశ్చర్యం వేస్తుంది.

మేసన్_మూర్తి:
అందరికీ ధన్యవాదాలు. నేను కాఫీ షాపు పేరు అడిగితే సరిపోతుందనుకున్నాను, మీరు యాభై పేజీల పాఠం పంపారు. బావకి ఫోన్‌లో చదివి వినిపించాను. సిగ్మా కై కంటే మంచు తిరుగుబాటే ఎక్కువ నచ్చింది. పొయ్యిలు కూడా పేర్చారా అని రెండుసార్లు అడిగాడు. అక్కకి మాత్రం సుజాత గారి పోస్టు వినిపించాను, అది ఇంకో గంట పట్టింది. మేనల్లుడు చేరనంటున్నాడు. రెండో సెమిస్టర్ దాకా ఆ మాట మీదే ఉంటాడో లేదో చూడాలి.

ప్లాన్ ఇది: హై స్ట్రీట్, ఎలియట్ హాల్, హారిసన్ హాల్ ఎదుట లెక్చరర్ గారు చెప్పినట్టు నిలబడటం, తర్వాత వెస్టర్న్ క్యాంపస్. మేడగదికి ముందే అడిగి పెడతాను. దింపే రోజు పార్కింగ్ దొరుకుతుందా వసుధ గారూ?

వసుధ:
హై స్ట్రీట్‌లో దొరకదు, ఆశ వదిలెయ్యండి. ఆ రోజు ఊరి జనాభాకి సగం కార్లు వస్తాయి. సామాను దింపాక కారు వెస్టర్న్ క్యాంపస్ వైపు పెట్టి, అక్కడి నుంచి మీ దారిని వెనక నుంచి ముందుకి నడవండి. అక్కగారికి గొడుగు, నీళ్ళు తీసుకెళ్ళండి, ఆగస్టులో ఉక్కపోత విజయవాడని తలపిస్తుంది.